నూట నలభై నాలుగో చీటీ

1985 ఫిబ్రవరి 12, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారపు మీటింగు జరుగుతోంది. రెండో బెంచీ చివర కూర్చున్న నర్సమ్మ లేచి నిలబడి, తాను వెంటనే వెనక్కి పోవాలంది. ఎందుకని అడిగాను. స్టవ్ ఆర్పిందో లేదో గుర్తు లేదట. ఆమె సబ్ సెంటరు పదకొండు కిలోమీటర్ల అవతల, అడవిలో, వాగు దాటాక ఉంది. మీటింగు అయ్యాక వెళ్ళమన్నాను. ఆమె కూర్చోలేదు. చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. పెదవులు తెల్లబడ్డాయి. ఊపిరి అందడం లేదని సైగ చేసి, రిజిస్టరును గుండెలకు హత్తుకునే నేల మీద కూలబడింది. నాడి పట్టుకుని చూశాను. నిమిషానికి నూట ముప్పై రెండు.

నేనప్పుడు దుమ్ముగూడెం వైపు ఒక కేంద్రంలో లేడీ హెల్త్ విజిటర్‌ని. ఏడు సబ్ సెంటర్లు, ఏడుగురు నర్సమ్మలు నా అజమాయిషీలో ఉండేవారు. ఇక్కడ రాసే తారీకులూ వేళలూ నా డైరీల్లోంచి తీసినవి. జ్ఞాపకం తన యజమానికి అనుకూలంగా దిద్దుకుంటుందని చాలాసార్లు చూశాను. అందుకే డైరీలు పక్కన పెట్టుకుని రాస్తున్నాను. ఇప్పుడు ఈ ఉద్యోగంలో చేరుతున్న అమ్మాయిలు చదవాలని నా కోరిక.

ఆ రోజు అరగంటలో ఆమెకు మూడు జబ్బులు తేల్చాం. మా కాంపౌండరు గ్యాస్ అని కాల్షియం సూది వేశాడు. ఆ సూది ఎక్కుతుంటే ఒళ్ళంతా వెచ్చగా పాకుతుంది, జనానికి దాని మీద గురి ఎక్కువ. డాక్టరుగారు నీరసం అని నిద్రమాత్రలు పది రాశారు. నేను మాత్రం, పని మీద శ్రద్ధ మితిమీరి అలిసిపోయిందని అనుకున్నాను. మూడింట్లో పెద్ద పొరపాటు నాదే.

ఎందుకంటే అప్పటికి రెండేళ్ళుగా నేను ఆమె రిజిస్టరును మిగతా ఆరుగురికీ చూపిస్తూ వచ్చాను. ఒక్క కొట్టివేత ఉండదు, ఒక్క గడి ఖాళీ ఉండదు. "చూసి నేర్చుకోండి" అనేదాన్ని. మిగతావాళ్ళకు ఆమె మీద మంట. ఆమెకేమో నేను మెచ్చుకున్న ప్రతిసారీ మెడ మీద బరువు పెరిగేదని తరవాత తెలిసింది.

ఫిబ్రవరి 20న చెప్పకుండా ఆమె సబ్ సెంటరుకు వెళ్ళాను. అప్పట్లో గాజు సిరంజీలు. నీళ్ళలో ఇరవై నిమిషాలు మరిగిస్తే చాలు. ఆమె నలభై నిమిషాలు మరిగించి, దించి, అనుమానం వచ్చి మళ్ళీ పెట్టింది. నా కళ్ళ ముందే మూడుసార్లు. నెలకు రావలసిన కిరోసిన్ పదో తారీకుకే అయిపోతోందని అటెండరు చెప్పింది. నాకు చూపించే రిజిస్టరు కాక మరో రెండు ఉన్నాయి. ఒకదాంట్లో రాసి, సరిచూసి, రెండోదాంట్లో ఎక్కించి, మళ్ళీ సరిచూసి, అప్పుడు అసలుదాంట్లో రాసేది.

గూడెంలో ఒక ముసలమ్మ నా పక్కన చతికిలబడి నవ్వుతూ చెప్పింది: "మా నర్సమ్మ మంచిదే గని, సూది ఏసి పోతది, మల్లొచ్చి ఏసిన్ననా అని మమ్మల్నే అడుగుతది. మేమే యాదుంచుకోవాలె."

ముసలమ్మ నవ్వింది. నర్సమ్మ నవ్వలేదు. సాయంత్రం నన్ను సాగనంపుతూ అప్పుడు నోరు విప్పింది. ఆమెది దమ్మపేట వైపు వ్యవసాయ కుటుంబం. వయసు ఇరవై ఆరు. పదిహేనో ఏట నుంచీ ఇలాగే ఉందట. ఒక చింత తీరితే దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. మెడ పట్టేస్తుంది, కడుపులో మంట, రెండు గంటలు నిద్రపడితే గొప్ప. ఏదీ జరగదని తెలుసు. తెలిసినా ఆగదు.

ఇంట్లో వాళ్ళకు చెప్పావా అని అడిగాను.

"ఇంట్ల నన్ను పిచ్చిదని ఎప్పుడో తేల్చిండ్రు మేడం. ఈ ఒక్క జాగలనే నన్ను నర్సమ్మ అంటరు. ఈ నౌకరి పోతే ఇగ నేను ఏందో నాకే తెల్వదు."

నౌకరి పోయే ప్రమాదం నిజంగానే ఉంది. మార్చి మొదటి మంగళవారం ఆమె మళ్ళీ పడిపోయింది. డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచి, ఆగస్టు ఆఖరు వరకు చూస్తాననీ, అప్పటికీ ఒంటరిగా సెంటరు నడపలేకపోతే పనికిరాదని రాసి పంపేస్తాననీ చెప్పారు. ఆయన చెడ్డవాడు కాదు. అడవిలో ఆమె చేతికి ప్రాణాలు అప్పగించి ఉన్నామని ఆయన భయం ఆయనది.

ఖమ్మంలో అప్పుడు నెలకోసారి ఒక మానసిక వైద్యుడు బయటి నుంచి వచ్చి చూసేవాడు. మార్చి 9, శనివారం ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాను. కాంపౌండరుకు తిరపతమ్మ గుడిలో మొక్కు తీర్చడానికని చెప్పాను. మానసిక వైద్యుడి పేరెత్తితే సాయంత్రానికి ఆ మాట గూడేలకు చేరేది.

ఆ వైద్యుడు నలభై నిమిషాలు విన్నాడు. తరవాత నాతో మాట్లాడాడు. పులి ఎదురుపడితే ఒళ్ళు ఎలా సిద్ధమవుతుందో ఈమె ఒళ్ళు పదకొండేళ్ళుగా అలాగే సిద్ధంగా ఉందన్నాడు. పులి లేదు కనక మనసు ఏదో ఒకటి వెతికి చూపిస్తుంది: స్టవ్వు, సూది, రిజిస్టరు. రాత్రికో మాత్ర రాశాడు. అది పనిచేయడానికి నాలుగు వారాలు పడుతుందనీ, ఈలోగా మానేయవద్దనీ చెప్పాడు. నిద్రమాత్రలు మాత్రం కొద్దికొద్దిగా తగ్గించి ఆపించాడు. ఆపైన నన్ను అడిగాడు: ఆమె రోజుకు ఎన్నిసార్లు "సరిగానే చేశానా" అని మిమ్మల్ని అడుగుతుంది?

లెక్క నా దగ్గరుంది. తపాలా మనిషి చేత రోజూ చీటీలు పంపేది. వారానికి పదిహేను నుంచి ఇరవై. ప్రతిదానికీ నేను రిజిస్టరు తిరగేసి, సరిచూసి, "సరిగ్గానే ఉంది" అని జవాబు రాసేదాన్ని.

"అయితే ఆమె వాడుతున్న అసలు మత్తుమందు మీరేనమ్మా" అన్నాడాయన. "మీ జవాబు చదవగానే గంటసేపు హాయి. గంట తరవాత మళ్ళీ మీరే కావాలి."

నాకు తల తీసేసినట్టయింది. అయినా చెప్పినది అక్షరాలా చేయడం నా అలవాటు. పద్ధతి ఇదీ: చీటీ రాయడం ఆమె మానక్కర్లేదు. నేను విప్పకూడదు. ఒక డబ్బాలో వేసి ఉంచాలి. మంగళవారం మీటింగయ్యాక ఇద్దరం కూర్చుని విప్పాలి. ఒక్కొక్కటీ చదివి, అనుకున్నది జరిగిందా లేదా అని ఆమే చెప్పాలి. పని కాగితాలు మామూలుగా తెల్ల ఫారాల మీద రావాలి, అనుమానాలు మాత్రం పాత క్యాలెండరు ముక్కల మీద. ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి, మూత మీద కాగితం అంటించి రాశాను: "జవాబు ఇవ్వరాదు. మంగళవారం మాత్రమే విప్పవలెను."

మార్చి 19న మొదలుపెట్టాం. మొదటి వారం పంతొమ్మిది చీటీలు. మొదటి పదిహేను రోజులు ఆమెకు నరకం. ఒక మధ్యాహ్నం పదకొండు కిలోమీటర్లు నడిచి వచ్చి, డబ్బా వంక చూసి, ఏమీ అడగకుండా తిరిగి వెళ్ళింది. నాకూ సులువుగా లేదు. చీటీ చేతికి రాగానే వేళ్ళు విప్పబోయేవి.

మే నెలకు వారానికి ఎనిమిదికి దిగింది. జులైలో నాలుగు. కిరోసిన్ నెలాఖరు దాకా వచ్చింది. రెండు దొంగ రిజిస్టర్లూ ఆమే తెచ్చి నాకు అప్పగించింది. మంగళవారాల్లో చీటీలు విప్పుతుంటే ఆమెకే నవ్వొచ్చేది. "గీ మాట నేనే రాసిన్నా అక్కా?" అనేది. మేడం పోయి అక్క వచ్చిందని డైరీలో జూన్ 25న రాసుకున్నాను. ఆగస్టు 20 నాటికి మొత్తం చీటీలు నూట నలభై మూడు. అందులో నిజమైనవి రెండు: ఒకసారి దూది తడిసింది, ఒకసారి థర్మామీటరు పగిలింది. డాక్టరుగారు ఆ లెక్క చూసి, నెలాఖరుకు ఫిట్ అని రాస్తానన్నారు. ఇక పదకొండు రోజులు.

మర్నాడు ఆగస్టు 21, బుధవారం. మూడు రోజులుగా ముసురు. ఉదయం తొమ్మిదీ ఇరవైకి గూడెం నుంచి ఒకతను వచ్చాడు. మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు. మడిచిన చీటీ నా చేతికిచ్చాడు. క్యాలెండరు ముక్క. డబ్బా మూత తీసి అందులో వేశాను.

అతను కదల్లేదు. అతని తెలుగు అంతంతమాత్రం, ఇంట్లో మాట్లాడేది వేరే భాష. "నర్సమ్మ జవాబు తెమ్మన్నది" అన్నాడు.

"జవాబు మంగళవారం. ఆమెకు తెలుసు. నువ్వు వెళ్ళు" అన్నాను.

వెళ్ళకుండా వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రెండుసార్లు బయటికి వచ్చినప్పుడు చూశాను. రెండుసార్లూ లేచి నిలబడ్డాడు. ఇదంతా రాయడం నాకు ఇష్టం లేదు కాని డైరీలో ఉంది కనక రాస్తున్నాను: ఆ క్షణంలో నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. పిల్ల కొత్త దారి పట్టింది, మనిషిని కూర్చోబెట్టి జవాబు రాబట్టాలని చూస్తోంది, నేను లొంగను అనుకున్నాను. తపాలా మనిషి కాకుండా వేరే మనిషి ఎందుకొచ్చాడని అడగలేదు. నీ ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని కూడా అడగలేదు.

పదింబావుకు డాక్టరుగారు జీపులో భద్రాచలం మీటింగుకు వెళ్ళిపోయారు. పదకొండున్నరకు ఆ మనిషి లేచి వాన లోనే వెళ్ళిపోయాడు.

ఒంటిగంటకు కాంపౌండరు మందుల గది తాళం వేస్తూ నా దగ్గర ఆగాడు. చీటీల సంగతి అప్పటికి అతనికీ తెలుసు, ఎగతాళి కూడా చేసేవాడు. ఆ రోజు చేయలేదు.

"సిస్టర్, పొద్దుగాల వచ్చినాయన రెండు గంటలు కూసున్నడు. చాయ్ ఇస్తనంటే వద్దన్నడు. ఉత్త అనుమానం కాయితానికి గంతసేపు ఎవడన్న కూసుంటడా?"

డబ్బా తీశాను. ఒంటిగంటా అయిదు నిమిషాలు. మూత మీద నా చేతిరాతే నన్ను ఒక్క క్షణం ఆపింది. విప్పాను.

"అక్కా, ఇది నా జబ్బో, నిజంగానే ప్రమాదమో తేల్చుకోలేక ఈ కాగితం మీద రాస్తున్నాను. తొలిచూలు. ఎనిమిదో నెల. ముఖం ఉబ్బింది. తలనొప్పి, కళ్ళు మసకలు అంటోంది. బీపీ నూట అరవై బై నూట పది. రెండుసార్లు చూశాను. మూడోసారి చూడాలనిపించింది, చూడలేదు. ఈ మనిషి ఆమె భర్త. జీపు పంపిస్తారా? మీరు పంపకపోతే నా భయమే అనుకుని ఊరుకుంటాను."

కాంపౌండరు నా భుజం మీదుగా చదివి, తాళం తీసి మూర్ఛ ఆపే సూదులు సర్దాడు. జీపు లేదు. రోడ్డు పక్కన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు ఉండేవాడు, మిరప వేసేవాడు. అతని ట్రాక్టరు అడిగాను. విషయం సగం చెప్పేసరికే అతను తొట్టిలో గడ్డి పరిచి, మోకు వేసుకుని, తనే నడపడానికి ఎక్కాడు. వాగు దగ్గరికి ఏడు కిలోమీటర్లు. రెండుంబావుకు చేరాం.

ఉదయం మోకాలి లోతు ఉన్న వాగు ఛాతీ లోతు అయింది. అవతలి గట్టు మీద నులక మంచం, దాని మీద తాటాకు గొడుగులు రెండు, నలుగురు మనుషులు. నర్సమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గర్భిణి తలను పక్కకు తిప్పి పట్టుకుంది. భర్త ఈది దాటినట్టున్నాడు, గట్టున నిలబడి వణుకుతున్నాడు.

నీళ్ళ హోరులో అరిచి అడిగాను. ఆమె అరిచి చెప్పింది.

"మూర్ఛ రెండుసార్లు వచ్చింది అక్కా. మొదటిది పన్నెండుకు పది నిమిషాలున్నప్పుడు. జవాబు కోసం ఆగలే. నేనే ఎత్తుకొచ్చిన."

అంతే. సరిగ్గా చేశానా అని అడగలేదు. రెండేళ్ళలో మొదటిసారి ఆమె నాకు ఒక పని గురించి చెప్పి, ఆ మాట అనకుండా ఆగింది. ఆ మాట అనాలని నేను ఎదురుచూశానని నాకే తెలిసింది. అని ఉంటే, "సరిగ్గా చేశావు" అని వాగు ఇవతలి నుంచి గొంతు చించుకుని అరిచేదాన్ని.

రెండు గంటలు అలా నిలబడ్డాం. ట్రాక్టరు రైతు గట్టున ఒక పుల్ల గుచ్చి, నీళ్ళు దాన్ని ఎంత తాకుతున్నాయో చూస్తూ కూర్చున్నాడు. ఈలోగా అవతల మూడో మూర్ఛ వచ్చింది. సూదులు నా చేతిలో ఉన్నాయి, ఆమె చేతిలో లేవు. ఆమె గర్భిణిని పట్టుకుని, మూర్ఛ ఎంతసేపు ఉందో గడియారం చూసి చెప్పింది. నాలుగు గంటల ఇరవైకి నీళ్ళు బెత్తెడు తగ్గాయి. మద్దిచెట్టుకు మోకు కట్టి అవతలికి విసిరారు. ఆరుగురు మంచాన్ని తలల మీదికెత్తి దాటించారు. మధ్యలో ఒకసారి మంచం ఒక పక్కకు ఒరిగింది. వెనకవాళ్ళు భుజం పెట్టి ఎత్తారు. ఇవతలికి రాగానే సూది వేశాను. దూది ఆమే పట్టుకుంది.

భద్రాచలం పెద్దాసుపత్రికి ఆరూ నలభైకి చేరాం. అక్కడి డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది, ఏ లోపమూ చేయలేదు. మర్నాటి ఉదయం కాన్పయింది. బిడ్డ కదల్లేదు. తల్లి మూడోనాడు కళ్ళు తెరిచి నీళ్ళడిగింది.

విచారణ జరుగుతుందని తెలియగానే మా కేంద్రంలో ఒక కాగితం తయారవసాగింది. నర్సమ్మకు మానసిక చికిత్స జరుగుతోందనీ, అందువల్ల ఆలస్యమైందనీ. డాక్టరుగారు నా వంక చూడకుండా, "ఆమె సంగతి అందరికీ తెలిసిందే కదా" అన్నారు. ఆ మాట నాకు రక్షణగా అన్నారని తెలుసు. నేను ఆ కాగితం మీద సంతకం చేయలేదు. వేరే కాగితం రాశాను: చీటీ తొమ్మిదీ ఇరవైకి నా చేతికి అందింది, ఒంటిగంటా అయిదుకు విప్పాను, మధ్యలో మూడు గంటల నలభై అయిదు నిమిషాలు నా బల్ల మీద ఉంది, ఆ సమయంలో యాభై అయిదు నిమిషాలు జీపు వాకిట్లోనే ఉంది. చీటీని గుండుసూదితో దానికి గుచ్చాను. నాకు మందలింపు వచ్చింది, ఆరు నెలలకు బదిలీ వచ్చింది. ఆమెకు ఆగస్టు 31న ఫిట్ అని రాశారు.

సెప్టెంబరు 7న ఖమ్మం వెళ్ళి ఆ వైద్యుణ్ణి అడిగాను, తప్పు మీ పద్ధతిదా నాదా అని. ఆయన కార్డు తీసి చూశాడు. జరిగిపోయిన పని గురించి అనుమానమైతే జవాబు ఇవ్వద్దు అని మార్చిలో చెప్పాడు. దాని వెంటనే ఇంకో మాట కూడా చెప్పాడు: ఎదుట ఉన్న రోగి గురించైతే మామూలుగా మాట్లాడండి. ఆ రెండో మాట నాకూ గుర్తొచ్చింది. తెలిసిన సంగతే కదా అని డబ్బా మీద రాయలేదు.

"ఆ మాట ఆమెకు నేనే నేరుగా చెప్పాల్సింది, మీతో చెప్పి ఊరుకున్నాను. అందులో నా వాటా నాది" అన్నాడు. నాకు ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

అమ్మాయిలూ, దీర్ఘకాలపు ఆందోళన ఉన్న మనిషి మీ దగ్గరికి వస్తే సూది వేసి పంపకండి, ధైర్యంగా ఉండమని పంపకండి. అది జబ్బు. మందు ఉంది, పద్ధతి ఉంది, నెలలు పడుతుంది, తగ్గుతుంది. ఆమెకు తగ్గింది. కాని ఆ జబ్బు ఉన్నవాళ్ళు చెప్పేదంతా జబ్బే అని గిరి గీయకండి. నూట నలభై మూడింట్లో రెండే నిజమయ్యాయి కనక నూట నలభై నాలుగోది కూడా అబద్ధమే అని నేను లెక్క వేశాను. ఆ నూట నలభై మూడు చీటీల్లో ఒక్కదానిలోనూ బీపీ అంకె లేదు, చేయవలసిన పని లేదు, ఎదురుగా ఒక రోగి లేదు. దీనిలో మూడూ ఉన్నాయి. విప్పితే కనిపించేవి.

నేను బదిలీ అయ్యేదాకా ఆమె మంగళవారాలు వచ్చింది. పని బాగా చేసేది. రిజిస్టరులో ఒకటి రెండు కొట్టివేతలు కూడా కనిపించేవి. పలకరిస్తే పలికేది. చీటీ మళ్ళీ ఎన్నడూ పంపలేదు. ఒకసారి కామెర్ల కేసు విషయంలో నన్ను అడగవలసింది. అడగకుండా నేరుగా భద్రాచలం పంపింది. పంపడం సరైనదే.

పోయినవి ఇవి. ఒక ఆడపిల్ల, ఎనిమిదో నెలలో పుట్టినది, పేరు పెట్టలేదు. జీపు వెంటనే పంపి ఉంటే భద్రాచలం చేరవలసిన ఒంటిగంటకూ చేరిన వేళకూ మధ్య అయిదు గంటల నలభై నిమిషాలు. ఆ ఇంట్లో తరవాతి రెండు కాన్పులూ గూడెంలోనే జరిగాయి. ఆ భర్త మా వరండా మళ్ళీ ఎక్కలేదు. ఆమె నన్ను అక్కా అని పిలిచిన రోజులు, జూన్ 25 నుంచి ఆగస్టు 21 వరకు, యాభై ఎనిమిది.